మోటారుకారులో విద్యుచ్ఛక్తి దోషములు: కొలిచి తెలిసికొను విధము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మోటారుకారులోని విద్యుచ్ఛక్తి. ఇది మరమ్మతు చేయువారికి మాత్రమే సంబంధించినదని మీరు తలంపవచ్చును. కాని కారుగాని, జీపుగాని, ట్రాక్టరుగాని లేని గ్రామము ఇప్పుడు అరుదు. పురిటినొప్పులు వచ్చిన స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకును, పాము కఱచినవానిని బ్రతికించుకొనుటకును, పండిన పంటను అంగడికి తోలుటకును మనము ఈ బండ్లనే నమ్ముకొనియున్నాము. అర్ధరాత్రమున తాళపుచెవి త్రిప్పినపుడు ఇంజను కదలక, 'టక్కు'మని యొక్క శబ్దము మాత్రము వినవచ్చినచో, ఆ యింటివారి యవస్థ ఎట్టిదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్టి సమయమున సాధారణముగా జరుగునదేమి? "బ్యాటరీ పోయినది" అని ఎవరో యొకరు తీర్పు చెప్పుదురు. మఱునాడు వేల రూపాయలు వెచ్చించి క్రొత్త బ్యాటరీ తెత్తురు. కొన్నాళ్లు బండి నడచును. పిమ్మట మరల అదే కథ. సాక్షులను విచారింపక, ఎదుట కనబడినవానికి శిక్ష విధించినట్లున్నది ఈ పద్ధతి. గ్రామములలో తగవులు తీర్చిన పెద్దలు మీరు. ఉభయుల వాదములు వినక తీర్పు చెప్పుట ఎంత యన్యాయమో మీకు తెలియును. బండి విషయమునను న్యాయ మదియే. కొలువక ఏ భాగమును మార్పరాదు. కొలుచుటయు బండి పనిచేయుచుండగా కొలువవలెను. ఈ రెండు మాటలే నా ప్రసంగమునకు సారము.

మొదట ఆ భాగము లెవ్వియో చెప్పెదను. కారులో విద్యుచ్ఛక్తిని దాచియుంచునది బ్యాటరీ. ఇంజనును మొట్టమొదట త్రిప్పునది స్టార్టరుమోటారు. దీనినే మన డ్రైవర్లు సెల్ఫు అందురు. ఇంజను తిరుగుచుండగా క్రొత్తగా శక్తిని పుట్టించి, దీపములకు ఇచ్చి, మిగిలినదానిని బ్యాటరీలో నింపునది ఆల్టర్నేటరు. ఎంత నింపవలెనో అంతకు మించనీయక కాపాడునది రెగ్యులేటరు. వీని నన్నిటిని కలుపునవి తీగలు. ఇంటిలోని దీపమునకు పోవుటకొక తీగ, వచ్చుటకొక తీగ యుండును. కారులో అట్లు కాదు. పోవుటకు మాత్రము తీగ. మరలివచ్చు దారి బండియొక్క ఇనుపదేహమే. దానినే ఎర్తు అందురు. బ్యాటరీ ఋణధ్రువమునుండి యొక లావుపాటి తీగ ఆ దేహమునకు బిగింపబడియుండును; దేహమునుండి ఇంజనునకు మఱియొక పట్టీ యుండును. ఈ ఎర్తు సంగతి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ఈ యేర్పాటు ఒక్కనాటిది కాదు. 1800 సంవత్సరమున ఇటలీ దేశస్థుడు వోల్టా మొదటి విద్యుద్ఘటమాలను లోకమునకు వెల్లడించెను. వోల్టు అను కొలత ఆయన పేరున ఏర్పడినదే. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే, సీసపు రేకులను గంధకికామ్లములో ముంచి, మరల మరల నింపుకొనదగిన బ్యాటరీని చేసెను. నేటికిని మన బండ్లలోని బ్యాటరీ ఆ జాతిదే. పూర్వము కారు ఇంజనును ఇనుపకడ్డీతో చేతితో త్రిప్పెడివారు. అది ఎదురుతిరిగి కొట్టి చేతులు విఱిగినవారు పలువురు. అమెరికాలో కెట్టరింగు అను నాయన సిద్ధపఱచిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చిన పిదప ఆ బాధ తొలగుచు వచ్చెను. కడ్డీ పోయినది, కాని దానితోపాటు మన స్వాతంత్ర్యమును కొంత పోయినది. ఇప్పుడు బ్యాటరీ దయ లేనిదే బండి కదలదు.

ఇక వోల్టు, ఆంపియరు, ఓము అను మూడు మాటలను తెలిసికొందము. ఇవి కష్టమైనవి కావు. మీ యూరి చెఱువును తలంచుకొనుడు. చెఱువులో నీరు పొలముకంటె ఎంత యెత్తున నున్నదో ఆ యెత్తువంటిది వోల్టు. తూము తెఱచినపుడు కాలువలో పాఱు నీటి పరిమాణమువంటిది ఆంపియరు. కాలువలోని పూడిక, తుంగ, గడ్డి నీటి నడ్డగించునట్లు శక్తి నడ్డగించునది ఓము. తూము మూసియున్నంతసేపు కాలువలోని నీరు కదలక, మొదటనుండి చివరవరకు ఒకే మట్టమున నిలిచియుండును. పూడిక యున్నదో లేదో అప్పుడు తెలియదు. సన్నని బోదె యొకటి తీసి పెరటిమడికి నీరు పెట్టుకొన్నను తెలియదు. తూము పూర్తిగా తెఱచి, ఆయకట్టంతటికి నీరు వదలినపుడు మాత్రమే పైమడి నిండియు చివరిమడి ఎండియు కనబడును. నిలిచిన నీరు పూడికను చూపదు. పాఱు నీరు చూపును.

కారులోను ఇంతే. స్టార్టరుమోటారు 100 మొదలు 200 ఆంపియరులవరకు, పెద్ద ఇంజనులలో అంతకు మించియు, శక్తిని త్రాగును. ముందుదీపమొకటి 5 ఆంపియరులకు లోపుగనే తీసికొనును. తీగచివర తుప్పువలన ఓములో 50వ వంతు అడ్డంకి యేర్పడినదనుకొనుడు. అది 0.02 ఓము. ఆంపియరులను ఓములతో హెచ్చవేసినచో నష్టపడు వోల్టులు వచ్చును. దీపమునకు 5ను 0.02తో హెచ్చవేయగా నష్టము 0.1 వోల్టు మాత్రమే, కంటికి కనబడదు. స్టార్టరునకు 150ని 0.02తో హెచ్చవేయగా నష్టము 3 వోల్టులు. 12 వోల్టులలో నాలుగవవంతు దారిలోనే పోయినది. అందుచేతనే దీపములు దివ్యముగా వెలుగుచుండగా స్టార్టరు మాత్రము మూల్గుచుండును. దీపము వెలుగుచున్నది గనుక తీగలు బాగుగనే యున్నవనుట, పెరటిమడికి నీరు వచ్చుచున్నది గనుక కాలువకు పూడిక లేదనుటవంటిది.

పరీక్షకు వలసిన పనిముట్టు మల్టీమీటరు. కొన్ని వందల రూపాయలకే దొరకును. దానిని ఏకముఖ విద్యుత్తుయొక్క వోల్టులను, అనగా డీసీ వోల్టులను, కొలుచు స్థానమున, 20 వోల్టుల గుర్తునొద్ద నుంచవలెను. ఎఱ్ఱతీగ ధనధ్రువమునకు, నల్లతీగ ఋణధ్రువమునకు తాకింపవలెను. మొదలుపెట్టుటకు ముందు మూడు జాగ్రత్తలు చెప్పెదను. చేతి యుంగరములను, లోహపు కడియములను తీసివేయుడు. అవి రెండు ధ్రువములకు నడుమ తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలును. బ్యాటరీ దగ్గఱ బీడీ చుట్టలు వలదు. నింపునపుడు దానినుండి హైడ్రోజనను వాయువు వెలువడును, అది నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. బ్యాటరీ తీగలు విప్పవలసినపుడు ఋణధ్రువపు తీగను ముందు విప్పి, బిగించునపుడు దానిని కడపట బిగింపుడు. ఏలయన, బండి దేహమంతయు ఋణధ్రువముతో కలిసియుండును. అది కలిసియుండగా ధనధ్రువమును విప్పు స్పానరు పొరబాటున దేహమునకు తగిలినచో పెద్ద నిప్పులు లేచును.

మొదటి పరీక్ష, బండి నిలిచియుండగా చేయునది. బండి నడిపి ఆపిన వెంటనే కొలిచినచో బ్యాటరీ ఉన్నదానికంటె ఎక్కువ బలము చూపును. విందు భోజనము చేసి లేచినవాని బలమువంటిది అది. కావున రాత్రియంతయు నిలిపి, తెల్లవారుజామున కొలుచుట మంచిది. 12.6 వోల్టులు మొదలు 12.7 వఱకు ఉన్నచో నిండుగ నున్నదని యర్థము. 12.4 ఉన్నచో ముప్పాతిక, 12.2 ఉన్నచో సగము, 12.0 ఉన్నచో కాలుపాలు మాత్రమే యున్నట్లు. 11.9కి దిగినచో దాదాపు వట్టిది. చూడుడు, నిండినదానికి వట్టిదానికి భేదము ముక్కాలు వోల్టు మాత్రమే. "12 వోల్టులు చూపుచున్నది గదా, చాలును" అను మాట సరికాదు. బ్యాటరీలో ఆఱు గదు లుండును. ఒక్కొక్క గది 2.1 వోల్టుల నిచ్చును. ఎంత నింపినను 10.5 దగ్గఱనే నిలిచిపోయినచో ఒక గది చచ్చినదని యూహింపవచ్చును. అట్టిదానిని మార్పవలసినదే.

మూతలు విప్పుటకు వీలైన బ్యాటరీ యైనచో హైడ్రోమీటరుతో ఒక్కొక్క గదిలోని ఆమ్లముయొక్క సాంద్రతను చూడవచ్చును. నిండిన గదిలో అది 1.26 ప్రాంతమున నుండును. ఐదు గదులు ఒక తీరున నుండి, ఆఱవది మాత్రము 0.05కు మించి తక్కువ చూపినచో, దోషము ఆ గదిలోనే యున్నది. నీరు తఱిగినచో బ్యాటరీకని అమ్మెడు శుద్ధజలమునే పోయుడు. బావినీరు, కుళాయినీరు పోయరాదు. అందలి ఉప్పులు రేకులను చెఱచును. ఆమ్లము పోయుటయు తప్పే. ఆవిరియై పోవునది నీరేగాని ఆమ్లము కాదు.

రెండవ పరీక్ష, స్టార్టరు తిరుగుచుండగా చేయునది. గేరు తీసి, చేతిబ్రేకు వేసి, మఱియొకరిని తాళపుచెవి త్రిప్పుమని, మీరు మీటరును బ్యాటరీ ధ్రువములమీద నుంచి చూడుడు. పది సెకండులకు మించి ఒక్కపట్టున త్రిప్పవలదు, స్టార్టరు కాలిపోవును. మన దేశపు వేడిమిలో మంచి బ్యాటరీ అప్పుడు 10 వోల్టులకు పైననే నిలుచును. నిండుగ నింపిన బ్యాటరీయే 9.6కు దిగువకు జాఱిపోయినచో అది బరువు మోయలేకున్నదని తెలియును. నిలిచియున్నపుడు 12.6 చూపి, త్రిప్పగానే 7కో 8కో కూలినచో, అది చూపునకు మాత్రమే బలిష్ఠుడైన వానివంటిది. కాని ఇచ్చట నొక సూక్ష్మము కలదు. స్టార్టరు మూల్గుచున్నను బ్యాటరీయొద్ద 11.5 వోల్టు లున్నచో ఏమనవలెను? బ్యాటరీ ఇచ్చుటకు సిద్ధముగానే యున్నది, పుచ్చుకొనువానికి చేరుటలేదు. దోషము నడుమ దారిలో నున్నది. లేదా స్టార్టరులోనే యున్నది.

అందుచే మూడవ పరీక్ష. ఇది చాలమంది చేయనిది. మిక్కిలి ప్రయోజనకారి యైనది. మీటరు ఎఱ్ఱతీగను ఇంజనుయొక్క శుభ్రమైన లోహమునకు, నల్లతీగను బ్యాటరీ ఋణధ్రువపు సీసపు మొలకే తాకింపుడు. దానిపై బిగించిన క్లాంపునకు కాదు. ఈ రెండును ఒక్కటే కావలసినవి గనుక మీటరు సున్న చూపవలెను. స్టార్టరు త్రిప్పునపుడు 0.2 లేక 0.3 వోల్టువఱకు చూపినను దోషము లేదు. అంతకు మించినచో ఎర్తుదారిలో పూడిక యున్నట్లు. అట్లే ధనధ్రువమునకును స్టార్టరు తీగ బిగించిన చోటునకును నడుమ కొలువుడు. త్రిప్పుచుండగా అది అరవోల్టు మించరాదు. ఎక్కడ వోల్టులు పోవుచున్నవో అక్కడ ఒక్కొక్క అతుకునకు ఇరువైపుల మీటరు నుంచినచో దోషి దొరకును.

నేనెఱిగిన యొక యుదాహరణము చెప్పెదను. మా పొరుగూరి రైతొకరి పాతకారు ఆ యూరివారికెల్ల ఆపదలందు ఆదుకొనునది. ఆయన ఒక్క సంవత్సరములో రెండు బ్యాటరీలు కొనెను. అయినను ఒకనాటి రాత్రి కోడలికి నొప్పులు వచ్చినపుడు బండి కదలలేదు. దీపములు మాత్రము చక్కగా వెలుగుచుండెను. పదిమంది కూడి త్రోయగా ఎట్లో నడచినది. తల్లియు బిడ్డయు క్షేమముగనే యింటికి వచ్చిరి. తరువాత నన్ను చూడుమని కోరిరి. బ్యాటరీ నిలిచియున్నపుడు 12.6 వోల్టు లుండెను. స్టార్టరు త్రిప్పునపుడు 11.6. అనగా బ్యాటరీ నిర్దోషి. కాని స్టార్టరునకు చేరినది 7.4 మాత్రమే. ధనపుదారిలో పోయినది 0.3. ఎర్తుదారిలో పోయినది 3.9. ఈ మూడును కలిపినచో 11.6, లెక్క సరిపోయినది. ఇంజనునకు దేహమునకు నడుమనున్న పట్టీని విప్పి చూడగా దాని చివర తుప్పు పట్టి, దానిక్రింద ఎప్పుడో పూసిన రంగు పొర యుండెను. ఉప్పుకాగితముతో లోహము మెఱయువఱకు రుద్ది, గట్టిగా బిగించినంతనే నష్టము 0.1కి దిగెను. ఖర్చు ఉప్పుకాగితపు వెల మాత్రమే.

ముందు కొన్న రెండు బ్యాటరీలు ఏల నీరసించినవని ఆయన యడిగెను. మంచి ప్రశ్న. స్టార్టరునకు శక్తి పోవు ఎర్తుదారియే ఆల్టర్నేటరునుండి బ్యాటరీకి శక్తి వచ్చుటకును దారి. రాత్రులు దీపములతో నడచునపుడు ఆ పట్టీలో అరవోల్టు పైగా నష్టమగుచుండెను. బ్యాటరీ ఏనాడును నిండలేదు. సగము నిండి సగము వట్టిగా నుండు బ్యాటరీ రేకులమీద సీసపు లవణము గట్టిపడి, అది త్వరలో పాడగును. క్రొత్త బ్యాటరీని కొని పాతదోషమునకు అప్పగించినట్లైనది. మఱియొక మాట. ఎర్తుపట్టీ చెడినపుడు శక్తి వేఱుదారి వెదకికొనును. యాక్సిలరేటరు తీగ, క్లచ్చి తీగ మొదలగువానిగుండా ప్రవహించి వానిని వేడెక్కించును. స్టార్టరు త్రిప్పగానే అట్టి తీగనుండి పొగ వచ్చినచో ఎర్తును అనుమానింపుడు.

బ్యాటరీ ధ్రువములమీద తెల్లగానో, నీలముగానో బూజువంటిది కట్టుచుండును. వంటసోడా కలిపిన వేడినీటితో దానిని కడుగవచ్చును. ఆ నీరు గదులలో పడనీయరాదు. తుడిచి ఆరబెట్టి, క్లాంపులను బిగించిన పిమ్మట పైన వాసెలిను పూసినచో మరల త్వరగా పట్టదు.

నాలుగవ పరీక్ష, ఇంజను నడచుచుండగా చేయునది. ఇంజనును కొంచెము వేగముగా నడిపి బ్యాటరీయొద్ద కొలువుడు. 13.8 మొదలు 14.5 వోల్టులవఱకు ఉన్నచో ఆల్టర్నేటరు చక్కగా నింపుచున్నది. ముందుదీపములు, గాలిపంకా వేసినను 13.5 దగ్గఱ నిలువవలెను. ఇంజను నడచుచున్నను 12.5 మాత్రమే చూపినచో నింపుట లేదు. బండి బ్యాటరీలోని మూలధనమును తినుచున్నది. ఆదాయము లేక మూలధనము తిను సంసారము ఎన్నాళ్లు సాగునో ఆ బండియు అన్నాళ్లే సాగును. వెంటనే ఆల్టర్నేటరును మార్పవలదు. ముందు బెల్టు చూడుడు. అరిగి వదులైనచో జాఱును, వానలో కీచుమని యరచును. పిదప ఆల్టర్నేటరు వెనుక తీగ గట్టిగా నున్నదో, దాని ఫ్యూజు నిలిచియున్నదో చూడుడు. ఆల్టర్నేటరుయొద్ద 14.2 ఉండి బ్యాటరీయొద్ద 13.2 ఉన్నచో దోషము మరల నడుమ దారిదే.

15 వోల్టులు మించుటయు రోగమే. రెగ్యులేటరు చెడినచో బ్యాటరీలోని నీరు ఉడికి పోవును, బల్బులు మాటిమాటికి మాడును, గంధకపు కంపు కొట్టును. నీరు తఱచుగ తఱుగుచున్న బ్యాటరీని నిందింపక ముందు ఈ కొలత చూడవలెను. మఱియు ఆల్టర్నేటరులో పుట్టునది ఉభయముఖ విద్యుత్తు. దానిని ఏకముఖముగ చేయునవి డయోడులు. అందొకటి చెడినను మీటరు 13.5 చూపవచ్చును, కాని రాత్రి బండి నిలిచియుండగా బ్యాటరీలోని శక్తి ఆ డయోడుగుండా వెనుకకు కారిపోవచ్చును. ఇంజను నడచుచుండగా మీటరును ఉభయముఖపు స్థానమున, అనగా ఏసీ గుర్తునొద్ద, ఉంచి చూచినపుడు అరవోల్టు మించినచో డయోడును అనుమానింపవలెను.

ఇచ్చట నొక ముఖ్యమైన హెచ్చరిక. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగను ఊడబెఱికి, బండి ఆగకున్నచో ఆల్టర్నేటరు మంచిదని చెప్పు నలవాటు కొందఱికి గలదు. డైనమోలున్న పాతబండ్లనాడు పుట్టిన అలవాటిది. ఆల్టర్నేటరున్న బండిలో అట్లు చేసినచో వోల్టులు క్షణకాలము ఎన్నో రెట్లు ఎగసి, డయోడులను, రెగ్యులేటరును, కంప్యూటరును కాల్చివేయవచ్చును. 12 వోల్టుల పరీక్షకు వేల రూపాయల భాగము బలియగును. మీ బండికి ఎవరైన నట్లు చేయబోయినచో చేయిపట్టుకొని ఆపుడు.

ఐదవ పరీక్ష, నిద్రించు బండికి. కొన్ని బండ్లు నడచినంతకాలము బాగుగనుండి, నాలుగు దినములు నిలిపినచో కదలవు. ఏదో యొకటి చాటుగా శక్తిని త్రాగుచున్నది. ఋణధ్రువపు తీగను విప్పి, ఆ తీగకును ధ్రువమునకును నడుమ మీటరును ఆంపియరుల స్థానమున నుంచవలెను. మీటరు ఎఱ్ఱతీగను 10 ఆంపియరుల గూటికి మార్చుట మఱవవలదు. అట్లుంచి స్టార్టరు త్రిప్పరాదు, దీపములు వేయరాదు, మీటరు ఫ్యూజు పోవును. క్రొత్తబండ్లలోని కంప్యూటరులు నిద్రించుటకు అరగంటయో, అంతకు మించియో పట్టును. తలుపులు మూసి అంతవఱకు ఆగుడు. పిమ్మట 0.05 ఆంపియరుకు లోపుగ నున్నచో దోషము లేదు. పెట్టెలోని దీపమొకటి, 5 వాట్లది, ఆరక వెలుగుచున్నదనుకొనుడు. అది 0.4 ఆంపియరు త్రాగును. దినమునకు 10 ఆంపియరు-గంటలు పోవును. 40 ఆంపియరు-గంటల బ్యాటరీ నాలుగు దినములలో వట్టిపోవును. స్టార్టరును త్రిప్పు బలము అంతకు ముందే పోవును. ఎక్కువగ నున్నచో ఫ్యూజులను ఒక్కటొక్కటిగా తీయుచు మీటరును చూడుడు. ఏ ఫ్యూజు తీయగా అంకె పడిపోవునో, దొంగ ఆ దారిలో నున్నాడు.

గ్రామములలో నేను తఱచుగ చూచు దోషములు మఱి మూడు కలవు. ధాన్యపుకొట్టు దగ్గఱ నిలుపు బండ్లలో ఎలుకలు చేరి తీగల తొడుగులను కొఱుకును. సంతలో కొన్న పెద్దహారనులను, అదనపు దీపములను ఫ్యూజు లేక రిలే లేక నేరుగా కలుపుదురు. పాతతీగ ఆ బరువు మోయలేక కరగును. అన్నిటికంటె నపాయకరమైనది, కాలిన ఫ్యూజునకు బదులుగా రాగితీగను చుట్టుట. ఫ్యూజు కావలివాడు, అది తాను చచ్చి బండిని కాపాడును. దాని స్థానమున రాగితీగ నుంచినచో ఈ పర్యాయము కాలునది బండియే. 10 ఆంపియరుల ఫ్యూజు కాలినచో 10 ఆంపియరులదే వేయుడు. మరల కాలినచో కారణము వెదకుడు.

బండి ఆగిపోయినపుడు వేఱుబండి బ్యాటరీతో నడిపించుకొనుట సర్వసాధారణము. దానికిని క్రమము కలదు. ధనమును ధనముతో కలుపుడు. మంచి బ్యాటరీ ఋణధ్రువమునకు రెండవ తీగను బిగింపుడు. ఆ తీగ రెండవకొనను వట్టి బ్యాటరీమీద గాక, దానికి దూరముగ ఇంజను లోహమునకు తగిలింపుడు. కడపటి కలయికలో నిప్పురవ్వ లేచును. అది బ్యాటరీ వాయువునకు దూరముగ నుండవలెను.

ఈనాటి క్రొత్తకార్ల గుఱించి ఒక్క మాట. వానిలో కంప్యూటరు ఆల్టర్నేటరును ఏలుచుండును. పెట్రోలు ఆదాకొఱకు ఒకప్పుడు 12.8, మఱొకప్పుడు 14.8 వోల్టులు చూపవచ్చును. ఒక్క అంకె చూచి దోషమనక, బండితో నిచ్చిన పుస్తకమును చూడవలెను. పూర్తిగా విద్యుత్తుతో నడచు కార్లలోను దీపములకు, తాళములకు చిన్న 12 వోల్టుల బ్యాటరీ యుండును; అది వట్టిపోయినచో పెద్ద బ్యాటరీ నిండుగ నున్నను బండి మేలుకొనదు. ఆ చిన్నదానిని ఈ విధముననే కొలువవచ్చును. కాని ఆ కార్లలోని నారింజరంగు తీగలను తాకరాదు. వానిలో ప్రాణము తీయు వోల్టు లుండును.

ఇంతవఱకు చెప్పినదానిని మరల క్రమముగ చెప్పెదను. తెల్లవారుజామున నిలిచియుండగా కొలువుడు. స్టార్టరు తిరుగుచుండగా కొలువుడు. ఎర్తుదారి, ధనపుదారి ఆ బరువుక్రిందనే కొలువుడు. ఇంజను నడచుచుండగా కొలువుడు. నిద్రించునపుడు త్రాగుడు కొలువుడు. బండి బాగుగనున్న దినముననే ఈ యంకెలను కాగితముమీద వ్రాసి కొట్టము గోడకు అంటించుకొనుడు. మనిషి ఆరోగ్యముగ నున్నప్పటి నాడి యెఱిగిన వైద్యునకే జ్వరము తెలియును. ఆరునెలల కొకసారి మరల కొలిచి ఆ ప్రక్కనే వ్రాసినచో, దోషము ముదురకముందే అంకెలు మీకు చెప్పును.

ఈ పనికి గొప్ప చదువు అక్కఱలేదు. మీ యూరిలో హైస్కూలు చదివిన పిల్లవానికి మీటరు నిచ్చి, ఈ క్రమమును చెప్పి చేయింపుడు. వాడు తప్పక నేర్చుకొనును. అయితే వాడు తొందరపడి "బ్యాటరీ పోయినది" అన్నపుడు "ఏ అంకె చూచి అంటివి, నాయనా?" అని యడుగవలసినవారు మాత్రము పెద్దలైన మీరు. ఆ ప్రశ్న అడుగు అలవాటు ఊరిలో నిలిచినచో, ధనము వృథా కాదు. అర్ధరాత్రమున ఆపద వచ్చిన యింటిముందు బండి మొరాయింపదు.